నడిచే ఇ.ఇ.జి.లో శరీర కదలికలు: సిస్టర్లూ, ఇంటివాళ్లూ తెలుసుకోవలసిన సంగతులు

ఈ సంచిక పాఠం మన వార్డు సిస్టర్ల కోసం, గ్రామాల్లో తిరిగే హెల్త్ వర్కర్ల కోసం, ఆశా కార్యకర్తల కోసం రాస్తున్నాను. ఇంట్లో ఫిట్స్ ఉన్న మనిషి ఉంటే ఆ కుటుంబం కూడా చదవాలని నా కోరిక. చదువు రాని పెద్దవాళ్లకు పిల్లలు చదివి వినిపించగలరు.

మిరపకోతల రోజుల్లో పర్ణశాల దగ్గరి ఒక ఊరి నుండి ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకొని మన ఓ.పి.కి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. కూర్చోమంటే కూర్చోలేదు.

“సిస్టరమ్మా, మా పిల్లకు ఫిట్స్ ఉన్నయని రాసిండ్రు. మేమెవ్వరం చూడలే. మిషన్ చూసిందంట” అన్నది.

పిల్లకు 20 ఏళ్లు. ఆ సీజనులో రెండుసార్లు మిరపచేలో పడిపోయింది. రెండుసార్లూ మధ్యాహ్నం ఎండలోనే, పొద్దున ఏమీ తినకుండా పనికి వెళ్లిన రోజుల్లోనే. కళ్లకు చీకట్లు కమ్మాయి, ఒళ్లంతా చెమట పట్టింది, పడిపోయింది, చేతులు రెండుమూడుసార్లు అదిరాయి. నిమిషం లోపే కళ్లు తెరిచి అందరినీ గుర్తుపట్టింది. చేతులు అదిరాయన్న ఒక్క మాటకే ఇంట్లోవాళ్లు భయపడి పట్నం తీసుకువెళ్లారు. అక్కడ ఒకచోట తలకు వైర్లు అతికించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, 24 గంటలు ఉంచుకొమ్మని పంపారు. ఆ రాత్రి పట్నంలోనే పెద్దకూతురి ఇంట్లో ఉండి, మరునాడు పెట్టె తిరిగి ఇచ్చి వచ్చారు. రిపోర్టులో ఏమి వచ్చిందంటే, రాత్రి 7.50కి ఒకసారి, ఉదయం 6.40కి ఒకసారి తాళం వేసినట్టు ఒకే లయలో అలలు కనిపించాయి, ఫిట్స్ కావచ్చు అని. సోడియం వాల్‌ప్రోయేట్ మాత్రలు మొదలుపెట్టారు. సంబంధం మాట్లాడుకున్న అబ్బాయి తరపువాళ్లకు ఈ సంగతి ఎట్లాగో తెలిసి రాకపోకలు మానుకున్నారు.

నేను నరాల డాక్టరును కాను. జి.ఎన్.ఎం. డిప్లొమా చదివిన నర్సును. మేము చదివే రోజుల్లో ఇ.ఇ.జి. గురించి పుస్తకంలో ఒక పేరా ఉండేది, అంతే. రిపోర్టు తప్పు అని చెప్పే అర్హత నాకు లేదు. కాని ఒక ప్రశ్న అడగడానికి ఏ నర్సుకైనా అర్హత ఉంది గదా. “రాత్రి ఎనిమిది కావస్తున్నప్పుడు ఏం చేస్తున్నావమ్మా?” అని అడిగాను.

పిల్ల కాసేపు ఆలోచించింది. “అక్క కొడుకును ఒళ్లో ఏసుకొని జోకొడుతున్న.”

“పొద్దున ఏడుకు ముందు?”

తల్లే జవాబు చెప్పింది. “అప్పుడే గదమ్మా లేచి పళ్లు తోముకునేది.”

కవరులో పట్నంవాళ్లు ఇచ్చిన డైరీ కాగితం కూడా ఉంది. పేరు, వయసు తప్ప అందులో ఒక్క అక్షరం లేదు. రాయాలని వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదట. ఈ ఖాళీ కాగితమే నా చేత ఈ పాఠం రాయిస్తున్నది.

యంత్రం కొలిచేది ఎంత చిన్నది

మెదడులో కోట్లాది కణాలు కలిసి పనిచేసేటప్పుడు పుట్టే విద్యుత్తులో అతి కొద్ది భాగం పుర్రెను, చర్మాన్ని దాటి పైకి వస్తుంది. అది మామూలుగా 10 నుండి 100 మైక్రోవోల్టులు. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షలవ వంతు. గోడ గడియారంలో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టు. మెదడు అల 50 మైక్రోవోల్టులు అనుకుంటే, అది ఆ సెల్లులో 30 వేలవ వంతు. ఛాతీ మీద మనం ఇ.సి.జి.లో చూసే గుండె సంకేతం దాదాపు వెయ్యి మైక్రోవోల్టులు ఉంటుంది. గుండె పెద్ద గొంతుతో మాట్లాడితే మెదడు గుసగుసలాడుతుంది. ఆ గుసగుస వినడానికి యంత్రం దాన్ని వేల రెట్లు పెంచుతుంది. పెంచేటప్పుడు పక్కన ఉన్న చప్పుళ్లు కూడా పెరుగుతాయి.

మనిషి తల మీద ఈ అలలను మొదట రికార్డు చేసినది జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు, 1924లో. ఆయన వెంటనే ప్రకటించలేదు, 1929 దాకా ఆగాడు. ఈ గీతలు నిజంగా మెదడువేనా, లేక గుండె కొట్టుకోవడం వల్ల, చర్మం వల్ల వచ్చినవా అన్న అనుమానం ఆయనను వదలలేదు. ఇప్పుడు రిపోర్టు చదివే డాక్టరుకు కూడా ప్రతి గీత దగ్గర అదే అనుమానం ఉండాలి.

మెదడు నుండి కాక వేరేచోటి నుండి వచ్చి కలిసిపోయిన గీతను టెక్నీషియన్లు ఆర్టిఫ్యాక్ట్ అంటారు. మన ప్రాంతంవాళ్లకు చెప్పాలంటే కలుపు అంటే చాలు. అందులోనూ ఊద వంటి కలుపు. ఊద చిన్నగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది, కొత్తగా కలుపు తీసేవాళ్లు వరిని పీకి ఊదను ఉంచుతారు. ఇ.ఇ.జి.లో ఆ పొరపాటు రెండు వైపులా జరుగుతుంది.

ఆసుపత్రిలో చేసే మామూలు ఇ.ఇ.జి. 20, 30 నిమిషాలు. మనిషిని పడుకోబెట్టి, కళ్లు మూసుకొమ్మని, దవడ వదులు చేయమని చెబుతారు. టెక్నీషియన్ పక్కనే ఉండి రెప్ప కొడితే, మింగితే, దగ్గితే గీత పక్కన రాసుకుంటారు. కాని ఆ అరగంటలో ఫిట్ రాకపోవచ్చు. అందుకే ఇంట్లో తిరుగుతూ, తింటూ, నిద్రపోతూ ఉండగా రికార్డు చేసే పెట్టె వచ్చింది. కెనడాలోని మాంట్రియల్‌లో ఐవ్స్, వుడ్స్ అనేవారు 24 గంటలు నడిచే క్యాసెట్ రికార్డరు గురించి 1975లో రాశారు. అప్పుడు నాలుగే గీతలు. ఇప్పుడు ఇరవైకి పైగా గీతలు, రెండుమూడు రోజుల దాకా, అరచేతిలో పట్టే పెట్టెలో. తల మీద ఎలక్ట్రోడ్లు ఎక్కడెక్కడ పెట్టాలో ప్రపంచమంతా పాటించే 10-20 కొలత కూడా మాంట్రియల్ డాక్టరు హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రకటించినదే. మనకూ ఆ ఊరితో చుట్టరికం ఉంది. 1949లో వెల్లూరు సి.ఎం.సి.లో మన దేశపు మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని స్థాపించిన డాక్టర్ జేకబ్ చాండీ అక్కడే డాక్టర్ పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందారు.

పెట్టె ఇంటికి వచ్చింది గాని, పక్కన ఉండి రాసుకునే టెక్నీషియన్ ఇంటికి రాలేదు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

ఏ కదలిక ఏ గీతను పుట్టిస్తుంది

కంటితో మొదలుపెడదాం. కనుగుడ్డు ఒక చిన్న బ్యాటరీ. ముందు భాగం పాజిటివ్, వెనుక భాగం నెగటివ్. రెప్ప వేసిన ప్రతిసారీ కనుగుడ్డు కొంచెం పైకి తిరుగుతుంది. అప్పుడు నుదుటి ఎలక్ట్రోడ్లలో పెద్ద అల పడుతుంది. ఇది అందరికీ వస్తుంది, రెండు వైపులా సమానంగా వస్తుంది, నుదుటి దగ్గరే ఉంటుంది కాబట్టి చదివేవారు సులభంగా గుర్తుపడతారు. నాలుక కూడా బ్యాటరీయే. నాలుక కొస నెగటివ్‌గా ఉండి, మాట్లాడినా నోట్లో కదిలించినా నెమ్మది అలలు వస్తాయి. నిజమా కాదా తేల్చుకోవడానికి టెక్నీషియన్లు “లలలల” అనమంటారు. మన పిల్లల చేత “లలిత, లలిత” అనిపించినా సరిపోతుంది. అనగానే అదే అల వస్తే అది నాలుకదే.

కండరాల సంగతి అంత సులభం కాదు. కణతల దగ్గర, నుదుటి మీద, మెడ వెనుక బలమైన కండరాలు ఎలక్ట్రోడ్లకు సరిగ్గా కిందనే ఉంటాయి. పళ్లు బిగించినా, నమిలినా దట్టంగా, సూదులు గుచ్చినట్టు గీతలు వచ్చి ఆ చోట మెదడు సంకేతాన్ని పూర్తిగా కప్పేస్తాయి. వక్క నమిలే అలవాటున్నవారికి పెట్టె కడితే రోజులో సగం గీతలు పనికిరావు. ఈ ముళ్లను తీసేయడానికి కంప్యూటరులో ఫిల్టరు వేస్తారు. ఇక్కడ ఒక మోసం ఉంది. ఫిల్టరు కండరం గీతలను మాయం చేయదు, వాటి మొనలను అరగదీస్తుంది. అరిగిన ముల్లు చూడడానికి మెదడు అలలాగే ఉంటుంది. శుభ్రంగా కనిపించే కాగితం అంతా నమ్మదగినది కాదని సిస్టర్లు గుర్తుంచుకోగలరు.

తరువాత ఎలక్ట్రోడ్డు తానే కదలడం. లోహపు బిళ్లకూ చర్మానికీ మధ్య పేస్టు ఉంటుంది. ఆ పేస్టు, లోహం కలిసే చోట ఒక స్థిరమైన విద్యుత్తు ఏర్పడి ఉంటుంది. అది కదలకుండా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. బిళ్ల వెంట్రుక వాసి జరిగినా ఆ పొర చెదిరి, వందల మైక్రోవోల్టుల కుదుపు వస్తుంది. చర్మం సాగినా అంతే. వైర్లు ఊగితే ఊగిన లయ గీతల్లోకి ఎక్కుతుంది. నడిచే మనిషి సెకనుకు దాదాపు రెండు అడుగులు వేస్తాడు. మెదడులోని నెమ్మది అలలు కూడా సెకనుకు నాలుగు లోపే ఉంటాయి. అందువల్ల అడుగుల దెబ్బ నెమ్మది అలలాగా కనిపించి, మెదడులో ఏదో లోపం ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. భద్రాచలం నుండి పర్ణశాల సుమారు 35 కిలోమీటర్లు. ఆటోలో ఆ కుదుపులకు వచ్చే గీతలు ఎట్లా ఉంటాయో మీరే ఊహించుకోండి. ఆ గంట రికార్డులో ఏమీ మిగలదు.

మన ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసినవి ఉన్నాయి. తల మీద బిందె, కట్టెల మోపు, తునికాకు మూట పెట్టుకోవద్దు. నడినెత్తి ఎలక్ట్రోడ్లు మూడు ఆ బరువు కింద నలిగిపోతాయి. ఇప్పపువ్వు ఏరడానికి వంగి లేస్తూ ఉంటే మెడ వెనుక వైర్లు లాగుతాయి. ఎండలో చెమట పడితే ఎలక్ట్రోడ్ల మధ్య తడి దారి ఏర్పడి, సెకన్ల పొడుగున సాగే మెల్లని వంకరలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఈ పరీక్ష చేయించుకునేవారికి చెమటే పెద్ద శత్రువు. వీలుంటే చల్లని నెలల్లో చేయించుకోవడం మేలని నేను అంటాను. అత్యవసరమైతే వేరే సంగతి.

లయ ఉన్న కదలికలు

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేవి లయ ఉన్న కదలికలు. ఫిట్ వచ్చినప్పుడు కూడా మెదడు అలలు ఒకే లయలో వస్తాయి గదా. పళ్లు తోముకునే చేయి సెకనుకు నాలుగైదుసార్లు కదులుతుంది, తల కూడా దానితోపాటే సన్నగా ఊగుతుంది. బిడ్డను జోకొట్టే చేయి సెకనుకు రెండుమూడుసార్లు. తల గోక్కోవడం, చేటతో చెరగడం, రోకలితో దంచడం, ఉయ్యాల ఊపడం, మంచం మీద కాలు ఆడిస్తూ కూర్చోవడం, ఇవన్నీ అదే జాతి. పళ్లు తోమడం, జోకొట్టడం, గోక్కోవడం ఫిట్స్‌లాగా కనిపిస్తాయన్నది ఇ.ఇ.జి. పుస్తకాల్లో బొమ్మలతో సహా చూపించే పాఠమే, నేను కనిపెట్టినది కాదు.

తేడా ఎట్లా తెలుస్తుంది? మన డాక్టరు గారిని అడిగి నేను రాసుకున్నది చెబుతాను. నిజమైన ఫిట్ పుట్టి, పెరిగి, మారుతుంది. చిన్నగా ఒకచోట మొదలై, పక్కకు పాకుతూ, లయ మారుతూ, ఎత్తు మారుతూ పోతుంది. అయిపోయిన తరువాత ఆ చోట మెదడు కొంతసేపు అలసిపోయినట్టు నెమ్మది అలలు చూపుతుంది. చేతి కదలిక వల్ల వచ్చే గీత ఠక్కున మొదలై, మొదటి నుండి చివరి దాకా ఒకే తీరుగా ఉండి, ఠక్కున ఆగుతుంది. ఆగిన మరుక్షణం మామూలు గీతలు ఎప్పటిలాగే ఉంటాయి. మరొక గుర్తు, ఒక్క ఎలక్ట్రోడ్డులోనే కనిపించి పక్కదానిలో జాడ కూడా లేకపోతే అనుమానించాలి. మెదడు సంకేతం నీటిలో రాయి వేసినట్టు చుట్టూ కొంత పరుచుకుంటుంది.

ఇవన్నీ తెలిసినవారు కూడా పొరబడతారు. 24 గంటల గీతలు కంప్యూటరు తెరమీద వేల పేజీలు. సాఫ్ట్‌వేరు అనుమానం ఉన్న చోట్లను ఏరి పెడుతుంది, దానికి లయ కనబడితే చాలు. పేజీ పక్కన “పళ్లు తోముకుంది” అని ఉంటే చదివేవారు ఒక్క నిమిషంలో దాటిపోతారు. ఏమీ లేకపోతే ఏం చేస్తారు?

ఇక రెండో వైపు పొరపాటు. ఇది ఇంకా ప్రమాదకరం. కొన్ని ఫిట్స్‌లో మనిషి పడడు, కొట్టుకోడు. ఒక్కచోట చూస్తూ ఉండిపోయి, పెదవులు చప్పరిస్తాడు, నోరు నమిలినట్టు ఆడిస్తాడు, చొక్కా గుండీలు పీకుతూ ఉంటాడు. అర నిమిషమో, రెండు నిమిషాలో. ఆ సమయంలో దవడ కండరాల గీతలు పడతాయి. ఎవరూ ఏమీ రాయకపోతే చదివేవారు “ఏదో తింటున్నాడు” అనుకొని పేజీ తిప్పేయవచ్చు. అదే పేజీ పక్కన “నోరు ఆడించాడు, చేతిలో తిండి లేదు, రెండుసార్లు పిలిస్తే పలకలేదు” అని ఇంటివాళ్ల అక్షరాల్లో ఉంటే ఆ పేజీ విలువే మారిపోతుంది. పెద్ద ఫిట్‌లో అయితే కండరాల గీతలు మెదడు గీతలను పూర్తిగా కప్పేస్తాయి, అక్కడ కూడా చూసినవాళ్ల మాటే కావాలి. కదలిక గీతలన్నీ చెత్త అనుకోరాదని అందుకే అంటున్నాను.

కంప్యూటరు ఎంతవరకు సాయపడుతుంది

సిస్టర్లు అడుగుతుంటారు, ఇంత సైన్సు పెరిగింది గదా, కలుపును కంప్యూటరే ఏరివేయదా అని. కొంత ఏరుతుంది. ఆదివారం గాయక బృందం పాడేటప్పుడు నాలుగు మైకులు పెట్టామనుకోండి. ఏ మైకులోనూ ఒక్కరి గొంతే పడదు, అన్ని గొంతులూ అన్ని మైకుల్లోనూ కలిసి పడతాయి, ఒక్కో మైకులో ఒక్కో పాళ్లలో. ఆ పాళ్లను లెక్కగట్టి గొంతులను విడదీసే గణితం ఒకటి ఉంది, ఇండిపెండెంట్ కాంపొనెంట్ అనాలిసిస్ అంటారు. 1990ల నుండి దాన్ని ఇ.ఇ.జి.కి వాడుతున్నారు. రెప్ప కొట్టడం ఎప్పుడూ ఒకేచోటి నుండి వచ్చే గొంతు, దాన్ని బాగా విడదీస్తుంది. నడకలో వైరు ఒక్కో అడుగుకు ఒక్కో తీరుగా ఊగుతుంది. పాడేవాడు మైకుల మధ్య పరుగెత్తినట్టు అన్నమాట, లెక్క తప్పుతుంది. మైకు గీమని అరిచి శబ్దం చీలిపోయిందా, ఆ క్షణం పాట ఏ లెక్కకూ తిరిగి రాదు. అట్లాగే ఎలక్ట్రోడ్డు ఊడిన నిమిషాలు పోయినవే.

కొన్ని పెట్టెల్లో కదలికను కొలిచే చిన్న బిళ్ల కూడా ఉంటుంది, సెల్‌ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ తిరిగేలా చేసేది అటువంటిదే. మనిషి నడుస్తున్నాడా, పడుకున్నాడా అది చెబుతుంది. కాని పెట్టె ఉండేది నడుముకు. కదలకుండా కూర్చొని ఒళ్లో బిడ్డను జోకొట్టే చేయి సంగతి నడుముకు ఏమి తెలుసు? పేస్టు లేకుండా తలకు తొడుక్కునే పట్టీలు కూడా వస్తున్నాయి. తొడగడం తేలిక, కాని పేస్టు లేనందువల్ల కదలికకు మరింత తొందరగా చెదురుతాయి. మన ఒత్తయిన, నూనె పెట్టిన జుట్టు మీద వాటితో మరీ కష్టం.

పెట్టె కట్టించుకునే ముందు, తరువాత

ముందు రోజు కుంకుడుకాయతోగాని షాంపూతోగాని తలస్నానం చేసి, జుట్టు బాగా ఆరబెట్టుకోవాలి. ఆ తరువాత కొబ్బరినూనె, ఆముదం, ఏ నూనె కూడా పెట్టరాదు. మన ప్రాంతంలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. “పట్నం పోతున్నం గదా” అని తలకు బాగా నూనె దువ్వుకొని వస్తారు. నూనె మీద బిళ్ల పట్టదు, పట్టని బిళ్ల ప్రతి కదలికకూ ఊగుతుంది. క్లిప్పులు, పూలు వద్దు. ముందు గుండీలున్న చొక్కా తీసుకువెళ్లాలి. తల మీది నుండి తొడిగే బట్ట అయితే మార్చుకునేటప్పుడు వైర్లన్నీ లాగేస్తుంది. డాక్టరు చెబితే తప్ప మామూలుగా వేసుకునే ఫిట్స్ మాత్రలు ఆపరాదు.

బిళ్ల పెట్టే చోట చర్మాన్ని మెత్తగా రుద్ది శుభ్రం చేయడం టెక్నీషియన్ పని. అతికే గుణం బాగుంటే మెదడు గుసగుస బాగా వినబడుతుంది, కుదుపు తగ్గుతుంది. తొందరలో ఈ పని దాటవేస్తే తరువాత ఎంత ఖరీదైన కంప్యూటరు ఉన్నా ప్రయోజనం తక్కువ. వైర్లన్నీ ఒక జడలాగా కలిపి, వీపు మీదుగా చొక్కా లోపలికి వదిలి, మెడ దగ్గర తల తిప్పడానికి కొంచెం వదులు ఉంచి టేపు వేయాలి. విడివిడిగా వేలాడే వైర్లే ఎక్కువ ఊగుతాయి. తల చుట్టూ గాజు గుడ్డ కట్టేది బిళ్లలు కదలకుండా ఉండడానికి, దురద పెట్టిందని వదులు చేయరాదు. ఛార్జింగులో ఉన్న ఫోను దిండు కింద పెట్టుకోవద్దు, కరెంటు 50 హెర్ట్జ్ లయ గీతల్లోకి దిగుతుంది.

ఇక డైరీ. చాలామంది “మామూలుగా ఉంది” అని రాస్తారు. ఇంటివాళ్లను ఎందుకు అనాలి, నేనూ అదే చేశాను. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, పనిచేసిన ఒకచోట, వైర్లు పెట్టిన ఒక పెద్దాయన నా వార్డులో రాత్రంతా ఉన్నాడు. ప్రతి రెండు గంటలకూ “పేషెంట్ కంఫర్టబుల్” అని అందంగా రాసి పెట్టాను. మరునాడు డాక్టరు పిలిచి, రెండు దాటి పది నిమిషాలకు ఏమి జరిగింది సిస్టర్ అని అడిగారు. లేచాడో, దగ్గాడో, గోక్కున్నాడో, ఫిట్ వచ్చిందో, నాకు తెలియదు. ఆయనకు పరీక్ష మళ్లీ చేయవలసి వచ్చింది. ఇప్పటికీ చార్టులో ఆ రెండు మాటలు కనబడితే నాకు కోపం వస్తుంది, మన సిస్టర్లకు ఆ సంగతి తెలుసు.

డైరీలో కావలసింది గడియారం టైము, చేస్తున్న పని, పిలిస్తే పలికిందా లేదా. “6.35 నుండి 6.45, వేపపుల్లతో పళ్లు తోముకుంది, మాట్లాడుతూనే ఉంది.” ఇంత చాలు. భోజనం, నడక, నిద్రపోయిన వేళ, లేచిన వేళ, బిడ్డను ఎత్తుకున్న వేళ. పెట్టె గడియారంతో ఇంటి గడియారాన్ని మొదటే సరిచేసుకోవాలి, పది నిమిషాల తేడా ఉంటే రాసినదంతా వేరే గీతల పక్కన పడుతుంది. రాయడం రానివాళ్లు ఫోనులో మాట రికార్డు చేసినా మంచిదే, ముందు టైము చెప్పి తరువాత సంగతి చెప్పాలి. పెట్టె మీద బటన్ ఉంటుంది, అనుమానంగా అనిపిస్తే నొక్కాలి. ఒకవేళ ఫిట్ వస్తే మొదట మనిషిని పక్కకు తిప్పండి, నోట్లో ఏమీ పెట్టకండి, తాళంచెవులు వెతకకండి. తరువాత బటన్ నొక్కి, ఇంకొకరు ఉంటే ఫోనులో మొఖం, చేతులు కనబడేలా వీడియో తీయమనండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి.

ఆ పిల్ల సంగతి

మన డాక్టరు గారు అంతా విని, ఆ రెండు టైముల్లో పిల్ల చేస్తున్న పనులు రాసి, పట్నంలోని నరాల డాక్టరుకు ఉత్తరం ఇచ్చారు. మాత్రలు తామంతట తాము ఆపవద్దని తల్లికి రెండుసార్లు చెప్పి పంపాము. హఠాత్తుగా ఆపితే లేని ఫిట్స్ కూడా రావచ్చు. ఆ డాక్టరు విసుక్కోలేదు. పాత గీతలను తిరిగి తెరిపించారు, రెండవసారి పెట్టె కట్టించి, అక్కడే కూర్చోబెట్టి వీడియో తీస్తూ పళ్లు తోమమన్నారు, దిండును ఒళ్లో పెట్టుకొని జోకొట్టమన్నారు. అవే అలలు వచ్చాయి. పడిపోయిన వివరం మొదటి నుండి అడిగి, అది ఎండకు, ఆకలికి రక్తపోటు తగ్గి స్పృహ తప్పడమని తేల్చారు. అటువంటి స్పృహ తప్పడంలో కూడా చేతులు కొన్ని సెకన్లు అదరడం మామూలేనట. మాత్రలు ఆయన చెప్పిన పద్ధతిలో కొద్దికొద్దిగా తగ్గించి ఆపారు. వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు అవయవ లోపాలు, ఎదుగుదల లోపాలు కలిగించగల మందు. పెళ్లి కావలసిన ఆడపిల్ల అవసరం లేకుండా ఏళ్ల తరబడి మింగవలసినది కాదు.

నిజంగా ఫిట్స్ ఉన్నా పెళ్లికి అడ్డం కాదన్నది వేరే మాట. హిందూ వివాహ చట్టంలో పెళ్లి షరతుల నుండి మూర్ఛరోగాన్ని 1999లోనే సవరణ చేసి తీసేశారు. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మంది ఈ జబ్బుతో ఉన్నారు, మందులు సరిగా వాడితే ఎక్కువమందికి ఫిట్స్ ఆగుతాయి. పెళ్లివాళ్లకు ఈ సంగతులు చెప్పడానికి నేను ఆ ఊరు వెళ్తానన్నాను. తల్లి వద్దన్నది. “వాళ్లు రాకుంటే పోనీ సిస్టరమ్మా, పిల్ల మంచిగుంటే సాలు” అన్నది. పిల్ల ఇప్పుడు గంజి తాగి, నీళ్ల సీసా పట్టుకొని పనికి పోతున్నది.

డైరీ ఫారం మన వార్డులోనే తయారుచేసుకున్నాము, పెద్ద అక్షరాల్లో, ఒక పక్క గడియారం బొమ్మలతో. పట్నంలో పెట్టె కట్టించుకోవడానికి వెళ్లేవారు ముందుగా ఓ.పి. కౌంటరు దగ్గర అడిగి తీసుకోగలరు, డబ్బు ఇవ్వనక్కరలేదు. పెట్టె తీసేసిన తరువాత జుట్టుకు అంటిన పేస్టు గోరువెచ్చని నీటితో పోతుంది. కొలోడియన్ జిగురుతో అతికిస్తే అది నీటికి పోదు, టెక్నీషియన్ దగ్గరే మందుతో తీయించుకొని రావాలి, ఇంట్లో గోళ్లతో పీకవద్దు. తలకు నూనె ఆ సాయంత్రమే పెట్టుకోవచ్చు.